పనిముట్టుతో పాటు పని ఎత్తు కూడా ఇవ్వండి

కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైంది. వడ్రంగులు, కమ్మరులు, కుమ్మరులు, కంసాలులు, శిల్పులు, దర్జీలు, తాపీమేస్త్రీలు, చెప్పులు కుట్టేవారు, బొమ్మలు చేసేవారు, వలలు అల్లేవారు, ఇలా మొత్తం 18 వృత్తుల వారి కోసం పెట్టిన పథకం ఇది. గుర్తింపు కార్డు, శిక్షణ, 15,000 రూపాయల విలువైన పనిముట్ల ఈ-వోచరు, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, ఆ తర్వాత రెండు లక్షల రుణం, డిజిటల్ చెల్లింపులకు ప్రోత్సాహకం, మార్కెటింగ్ సాయం ఇందులోని ఆరు అంశాలు. అయిదేళ్లకు 13,000 కోట్ల రూపాయలు కేటాయించిన ఈ పథకానికి 2027-28తో గడువు తీరుతుంది. కొనసాగించాలా, కొనసాగిస్తే ఏం మార్చాలి అని ఆలోచించడానికి తగిన సమయం ఇదే. అందుకే ఈ లేఖ. చేతిపనిలో వయసు మీదపడ్డ మనిషిని ముందుగా ఆపేది నడుము. ఆరు అంశాల్లో ఎక్కడా దాని ఊసు లేదు. మనిషి ఏ ఎత్తులో పనిచేస్తున్నాడు, పని మీద వెలుతురు ఎంత పడుతోంది, చేస్తున్న పని కంటికి ఆనుతోందా అన్న మూడు సంగతులనూ ఉలి, సుత్తిలాగే పనిముట్ల కింద లెక్కగట్టాలని, అదే వోచరుతో వాటిని సమకూర్చుకునే హక్కు ఇవ్వాలని నా విన్నపం. నలభై అయిదు దాటినవారి విషయంలో ఇది మరీ అవసరం.

నడుము నొప్పి చిన్న సమస్య కాదు. మనిషిని పనికి దూరం చేసే కారణాల్లో ప్రపంచమంతటా మొదటి స్థానం దానిదే. 2020లో 61.9 కోట్ల మంది దానితో బాధపడ్డారని, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని అంతర్జాతీయ వ్యాధి భారపు అధ్యయనం అంచనా వేసింది. పెరుగుదలకు ముఖ్య కారణాలు జనాభా పెరగడం, వయసు మళ్లినవారు ఎక్కువ కావడం. వంగి పనిచేస్తే వెన్నులో ఏం జరుగుతుందో ఊహించుకోనక్కరలేదు, కొలిచినవారు ఉన్నారు. స్వీడన్‌లో ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులోకి సూది పంపి అక్కడి ఒత్తిడిని కొలిచారు. 1999లో జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయం వారు మరింత నాణ్యమైన పరికరంతో మళ్లీ కొలిచారు. నిటారుగా నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ ఉన్న ఒత్తిడి, ముందుకు వంగేసరికి 1.1కి చేరింది. 20 కిలోల బరువును ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1, అదే బరువును ఛాతీకి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 1.8. ఉల్మ్ కొలత ఒకే ఒక్క మనిషి మీద చేసినది కాబట్టి ఈ అంకెలు అందరికీ అచ్చంగా వర్తిస్తాయని అనను. కూర్చున్నప్పటి ఒత్తిడి విషయంలో ఈ రెండు కొలతలకూ పొంతన లేదు కూడా. వంగితే, బరువు ఒంటికి దూరమైతే, ఒత్తిడి పెరుగుతుందన్న దగ్గర మాత్రం రెండింటిదీ ఒకే మాట. నేల మీద పెట్టిన చెక్కకు చిత్రిక పడుతున్న మనిషి రోజులో ఎన్ని గంటలు ఆ వంగిన భంగిమలో ఉంటాడో మీ శాఖ అధికారులు ఏ వడ్రంగి షాపుకు వెళ్లినా కళ్లారా చూడవచ్చు.

వయసు అనగానే దాన్ని రోగంగా చూడడం మనకు అలవాటు. అరవై ఏళ్ల మేస్త్రీ నడుము నొప్పని వెళ్తే ఎం.ఆర్.ఐ. తీస్తారు, అందులో డిస్కు అరిగిందని రాస్తారు, ఇక పని మానుకోమంటారు. కానీ నొప్పి అనేదే లేని మనుషుల స్కానులను పోగుచేసి 2015లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్ల వారిలో 96 శాతానికి ఉంది. తల నెరిసినట్టే వెన్ను కూడా మారుతుంది, ఆ మార్పు ఒక్కటే నొప్పికి కారణమనుకోవడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పి మీద విడుదల చేసిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని, నొప్పి గురించి సరైన అవగాహనను, మర్దన వంటి కొన్ని భౌతిక చికిత్సలను సూచించాయి. నడుముకు కట్టుకునే బెల్టులను, వెన్నును సాగదీసే ట్రాక్షన్‌ను మామూలుగా వాడవద్దన్నాయి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేను. కాలు బలహీనపడినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, జ్వరమో బరువు తగ్గడమో తోడైనా, కిందపడ్డ తర్వాత నొప్పి మొదలైనా అది బల్లతో పీటతో తీరే సంగతి కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. నేను మాట్లాడుతున్నది అలాంటి లక్షణాలేవీ లేకుండా ఏళ్ల తరబడి వచ్చిపోయే మామూలు నొప్పి గురించి. పనివాళ్లలో ఎక్కువమందిది అదే.

వయసైపోయాక విశ్రాంతి తీసుకోవచ్చు కదా, పనిశాలను పిల్లలకు అప్పగించవచ్చు కదా అని చాలామంది మంచి మనసుతోనే అంటారు. విశ్రాంతి అందరికీ అందుబాటులో ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను కింద 60 నుంచి 79 ఏళ్ల వారికి కేంద్రం ఇచ్చేది నెలకు 200 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ 4,000, తెలంగాణ 2,016 రూపాయల పింఛను ఇస్తున్నాయి. అవి పెద్దవాళ్లకు ఆసరానే, కాదనను, కానీ ఇల్లు నడవడానికి చాలవు. చేతిపని వారికి గ్రాట్యుటీ లేదు, పదవీ విరమణ తేదీ లేదు. ఇక విశ్రాంతి నిజంగా మేలు చేస్తుందా అంటే, నడుము నొప్పికి మంచం పట్టడం మంచిది కాదని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చింది. 2024లో ఆస్ట్రేలియాలో 701 మందితో జరిగిన ఒక ప్రయోగంలో, నొప్పి తగ్గాక వారానికి అయిదు రోజులు అరగంట దాకా నడిచేలా అలవాటు చేసినవారికి అది తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, అలా చేయనివారికి 112 రోజులు. కదిలే ఒళ్లు కదలని ఒంటికంటే నయం. ముప్ఫై నలభై ఏళ్లు చేతిలో పెంచుకున్న నేర్పును అరవయ్యో ఏట మూలన పెట్టేయమనడం దేశానికి కూడా నష్టమే. కొత్తగా చేరిన కుర్రాడికి ఉలి కోణం సరిదిద్దేది ఆ చేయే.

మన తాతలు నేల మీద గొంతుక్కూర్చునే పనిచేశారు, వాళ్లకు లేని నొప్పి వీళ్లకెందుకు వచ్చిందన్నది ఇంకో అభ్యంతరం. ఇందులో కొంత నిజముంది, దాన్ని గౌరవించాలి. నేల మీద కూర్చోవడం తప్పు కాదు. మోకాళ్లు, తుంటి కీళ్లు పూర్తిగా మడిచి లేచే అలవాటు ఒంటికి మంచిదే. చిక్కంతా గంటలకొద్దీ కదలకుండా ఒకే వంపులో ఉండిపోవడంతో. వెనకటి పల్లె వడ్రంగి నాగలి చేసేవాడు, బండిచక్రం చేసేవాడు, మధ్యలో లేచి పొలం దాకా నడిచేవాడు. ఇవాళ చాలా షాపుల్లో ఒకే రకం తలుపులు పొద్దస్తమానం చేయాల్సి వస్తోంది. పైగా, తాతలకు నొప్పి లేదన్న మాటకు లెక్కలెక్కడివి? స్వాతంత్ర్యం నాటికి మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడు అది దాదాపు 70. అప్పటి అంకె అంత తక్కువగా ఉండడానికి శిశుమరణాలు పెద్ద కారణమే అయినా, డెబ్బయ్యో ఏట ఉలి పట్టినవారు ఇప్పటికంటే చాలా తక్కువమంది అన్నది స్పష్టం. నొప్పి భరించలేక మానేసినవారు ఎవరి లెక్కలోకీ రాలేదు. పని చేస్తూ కనిపించిన ముసలివారిని చూసి అందరూ అంతే దృఢంగా ఉన్నారనుకున్నాం. పనివారి ఆరోగ్యాన్ని అధ్యయనం చేసే పరిశోధకులు మొదట జాగ్రత్తపడేది ఈ పొరపాటు దగ్గరే.

ఎత్తు గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే దీనికి లెక్క ఉంది, అది అందరికీ ఒకటి కాదు. నిలబడి చేసే పనిలో మోచేయి కొలబద్ద. తేలిక పనికి బల్ల మోచేతికి 5 నుంచి 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. ఒంటి బరువు మోపి చిత్రిక తోసే పనికి 15 నుంచి 40 సెంటీమీటర్లు కిందికి పోవాలి. సన్నని చెక్కడానికి, రంగు గీతకు మోచేతికంటే 5 నుంచి 10 సెంటీమీటర్లు పైకి రావాలి, ముంజేతులకు ఆనుడు ఉండాలి. కమ్మరికి వేరే కొలత: నిలబడి చేతులు వేలాడేస్తే పిడికిలి ఎక్కడికి వస్తుందో దాగలి పైభాగం అక్కడికి రావాలన్నది పాత కమ్మరుల పద్ధతే. నేలలో పాతిన దాగలిని ఒక మొద్దు మీదికి ఎత్తితే సమ్మెట దెబ్బ బలం తగ్గదు, వంగడం తగ్గుతుంది. తాపీమేస్త్రీకి ఇటుకలూ మాలూ నేల మీద కాకుండా నడుము ఎత్తు దిమ్మె మీద ఉంటే ప్రతి వరసకూ వంగే బాధ తప్పుతుంది. బరువుల విషయంలో అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ వాడే సూత్రం ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఎత్తదగ్గ బరువు 23 కిలోలు, అదీ ఒంటికి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటేనే. దూరం 50 అయితే సగానికి పడిపోతుంది. మన సిమెంటు బస్తా 50 కిలోలు. బస్తా బరువు మీ శాఖ పరిధిలోది కాకపోవచ్చు, కానీ ప్రభుత్వంలో ఎవరో ఒకరు ఆలోచించవలసిందే.

బల్ల ఇస్తే దాని మీద సామాను సర్దుకుని మళ్లీ కిందే కూర్చుంటారు అని క్షేత్రస్థాయి అధికారులు అనవచ్చు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. అందుకు పనివాడి మొండితనం కారణం కాదు, బల్ల అసంపూర్ణంగా ఉండడమే కారణం. నేల మీద పనిచేసే వడ్రంగికి రెండు పాదాలూ చెక్కను బిగించి పట్టే సాధనాలు. బల్ల దగ్గర నిలబడగానే ఆ పట్టు పోతుంది. చెక్కను బిగించి పట్టే వైసు లేని బల్ల అతనికి పనికిరాదు, ఆ సంగతి అతనికి మనకంటే బాగా తెలుసు. కాబట్టి బల్ల, వైసు, బిగించే క్లాంపులు ఒకే జతగా రావాలి. కొన్ని పనులకు నిలబడడమే సరిపడదు. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కను కూర్చుని చెక్కేవారికి ఎత్తయిన బల్లకంటే ఒక పొట్టి పీట, ఎదురుగా చెక్కను మోకాలి ఎత్తుకు తెచ్చే చిన్న దిమ్మె ఎక్కువ మేలు చేయవచ్చు. బుట్టలు, చాపలు అల్లే ఆడవాళ్లకు వీపుకు ఆనుడు దొరకడమే పెద్ద మార్పు. అందరికీ ఒకే బల్ల టెండరు పిలిచి పంచిపెడితే అది వృథా అవుతుందని ముందే చెబుతున్నాను.

ఈ చర్చలో ఎవరూ తలవని సంగతి కన్ను. నలభై దాటాక చత్వారం వస్తుంది, అది ఎవరినీ వదలదు. సూది బెజ్జం, ఉలి మొన, వెండితీగ అతుకు సరిగా కనిపించనప్పుడు మనిషి ఏం చేస్తాడు? వెలుతురు వైపు ఒరుగుతాడు, మెడ వంచుతాడు, దానితో నడుము వంగుతుంది. అరవై ఏళ్ల కంటి లోపలి పొరకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ల నాడు చేరినదానిలో దాదాపు మూడో వంతే. కరీంనగర్‌లో వెండితీగ పని చేసే పెద్దాయనకూ, పక్కన కూర్చున్న మనవడికీ ఒకే ట్యూబులైటు చాలదు. చూపు మందగించడం పని మీద ఎంత ప్రభావం చూపుతుందన్నది ఊహ కాదు. 2018లో వెలువడిన ఒక ప్రయోగంలో అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మందిని తీసుకుని సగం మందికి దగ్గరి చూపు అద్దాలు ఇచ్చారు. అద్దాలు పెట్టుకున్నవారి దిగుబడి మిగతావారికంటే 21.7 శాతం ఎక్కువ పెరిగింది. 2024లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన మరో ప్రయోగంలో, దర్జీలు, చేతిపనివారు కూడా ఉన్న బృందంలో, అద్దాలు అందుకున్నవారి ఆదాయం 33.4 శాతం హెచ్చింది. ఈ ప్రయోగాలు నడుము నొప్పిని కొలవలేదు. కానీ చవకైన ఒక వస్తువు పెద్ద వయసు పనివారి సంపాదనను ఇంత మార్చగలిగినప్పుడు, దాన్ని పనిముట్టు అనకుండా ఏమనాలి? పాఠశాల పిల్లల కళ్లు పరీక్షించి అద్దాలిచ్చే దేశంలో చత్వారం వచ్చిన దర్జీకి, బొమ్మల కళాకారుడికి శిక్షణ మొదటి రోజే కంటి పరీక్ష చేయించడం కష్టమేమీ కాదు.

శిక్షణలో ఒక గంట ఎలా వంగాలో, ఎలా ఎత్తాలో చెబితే చాలదా అని అడిగితే, చాలదనే ఆధారాలు చెబుతున్నాయి. బరువులెత్తే పద్ధతుల మీద పనివారికి ఇచ్చే శిక్షణ నడుము నొప్పిని ఆపడం లేదని కాక్రేన్ సమీక్ష తేల్చింది. న్యాయంగా చెప్పాలంటే, సహాయక పరికరాలు మాత్రమే ఇచ్చినా నొప్పి పోతుందనేందుకు కూడా ఇంకా గట్టి రుజువులు లేవు. నొప్పి రాకుండా చూడడంలో గట్టిగా నిలబడ్డ ఆధారం వ్యాయామానికి ఉంది, దానికి అవగాహన తోడైతే మరింత ఉంది. అందువల్ల నేను బల్లను మందుగా అడగడం లేదు. నొప్పి పూర్తిగా పోకపోయినా పని సాగేలా చేయడం, రోజుకు నాలుగు గంటలైనా బాధ లేకుండా ఉలి పట్టగలగడం నేను అడుగుతున్నది. నేల మీద ఒకే వంపులో ఉండిపోయే మనిషికి ఎత్తు మారితే భంగిమ మార్చుకునే వీలు చిక్కుతుంది, కాసేపు నిలబడి, కాసేపు కూర్చుని చేయగలుగుతాడు. విద్యుత్ పనిముట్లు వస్తే ఇదంతా తీరిపోతుందన్న నమ్మకం కూడా సరికాదు. గ్రైండరును, కట్టరును నేల మీదే వాడితే వంగడం అలాగే ఉండి, దానికి అదురు, ధూళి తోడవుతాయి. ఆధునిక పనిముట్టు ఇచ్చేవారు అది ఏ ఎత్తులో నడుస్తుందో కూడా చూసుకోవాలి.

ఖర్చు సంగతికి వస్తే, నేను అడుగుతున్నదానికి కొత్త బడ్జెట్టు అక్కరలేదు. 15,000 రూపాయల పరిమితి అలాగే ఉంచండి. ఇంట్లో ఇప్పటికే మంచి రంపాలు, ఉలులు ఉన్న యాభై అయిదేళ్ల మేస్త్రీకి మరో జత ఉలులతో పనేముంది? ఆయన అదే వోచరుతో వైసు బిగించిన బల్లో, ఎత్తు మార్చుకునే పీటో, మెడ వంచి తిప్పుకునే దీపమో, దగ్గరి చూపు అద్దాలో ఎంచుకోనివ్వండి. బల్లలను ఆ ఊరి వడ్రంగి, వెల్డరు చేయగలరు, అంటే ఆ డబ్బు కూడా చేతిపనివారికే చేరుతుంది. ఇప్పుడు ప్రభుత్వం నడుము మీద ఖర్చు పెట్టడం లేదని ఎవరూ అనలేరు. ఆయుష్మాన్ భారత్ ఏడాదికి కుటుంబానికి అయిదు లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు భరిస్తోంది, 2024 అక్టోబరు నుంచి డెబ్బై దాటిన అందరికీ వర్తిస్తోంది. అది మంచి పనే. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన తర్వాత పనికొచ్చే సాయం. చేరకముందు పదేళ్లు ఆ మనిషి ఏ ఎత్తులో వంగి పనిచేశాడన్నది ఏ శాఖ ఖాతాలోనూ పడడం లేదు.

శిక్షణ విషయంలో నా సూచన చిన్నదే. ప్రాథమిక శిక్షణలో ఒక పూట ప్రతివారి మోచేయి ఎత్తు కొలిచి కార్డు మీద రాయండి. ఆ ఎత్తుకు బల్లో పీటో సర్ది, తన పనిని దాని మీద చేయించి చూడండి. అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయడం, నడుము వెనక్కి వంచి నిలబడడం, వారానికి అయిదు రోజులు నడవడం ఉపన్యాసంగా కాక చేయించి అలవాటు చేయండి. దీనికి జిల్లా ఆసుపత్రుల ఫిజియోథెరపిస్టుల సాయం తీసుకోవచ్చు. ముందుగా కొండపల్లి, కరీంనగర్, శిల్పుల ఊరైన ఆళ్లగడ్డ వంటి చోట్ల ఒక ఏడాది చేసి చూస్తే ఏ వృత్తికి ఏది పనికొచ్చిందో, ఏది మూలన పడిందో తెలుస్తుంది. మూలన పడినవాటిని జాబితా నుంచి తీసేయడానికి కూడా సిద్ధంగా ఉండాలి. ఇందుకు 2027-28 దాకా ఆగాల్సిన పని లేదు. పథకంలో ఇప్పుడున్న పత్రాల్లోనే నలభై అయిదు దాటినవారికి రెండు ప్రశ్నలు చేర్చండి: నడుము నొప్పి వల్ల పోయిన నెలలో ఎన్ని రోజుల పని పోయింది, పని చేసే చోటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది. ఏడాది తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ అడగండి.

నమస్కారాలతో,
ఒక వ్యాసకర్త